నల్లకర్రకు నమస్కారం

క్లారినెట్టా, నీకు నమస్కారం.

బందరు కోనేరు సెంటరులో ఊరేగింపు మలుపు తిరుగుతున్నప్పుడు, గుడివాడ వీధుల్లో పెళ్ళికొడుకు కారు ముందు, దివిసీమలో అవనిగడ్డ దాటాక ఏ ఊరి తిరునాళ్ళలోనో, డోలు దెబ్బకూ ట్రంపెట్టు మోతకూ నడుమ సన్నగా, తియ్యగా, కాస్త ముక్కుతో పలికిన గొంతువు నువ్వు. ఇత్తడి సామానంతా పెట్రోమాక్సు వెలుగులో ధగధగలాడుతుంటే నువ్వు నల్లగా ఓ పక్కన నిలబడి పాట ఎత్తుకున్నావు. జనం ట్రంపెట్టును చూశారు. పాట నీ నోట విన్నారు.

నిన్ను పొగడ వచ్చిన మేం నీ ఇంటివాళ్ళం కాము. శాక్సాఫోన్ వాళ్ళం. మెడలో పట్టీ, చేతిలో బంగారు రంగు గొట్టం, పెళ్ళిపందిట్లో డోలు పక్కన చోటు, అన్నీ అమరినవాళ్ళం. అమరి కూడా ఒకనాడు నీ పెట్టె తెరిచి, మళ్ళీ సరళీ వరసల దగ్గర చతికిలబడినవాళ్ళం. ఈ స్తోత్రం మా అందరి తరఫునా.

నీ వయసుకు నమస్కారం. 1700 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గులో యోహాన్ క్రిస్టాఫ్ డెనర్ చేతుల్లో రూపు దిద్దుకున్నావు. మా వాద్యం అప్పటికి ఇంకా ఎవరి ఊహలోనూ లేదు. దాన్ని కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ బెల్జియంలో వాద్యాలు చేసే ఇంట పుట్టి, నిన్ను వాయించి పెరిగినవాడు. 1838లో బాస్ క్లారినెట్‌ను చక్కదిద్ది పేటెంటు తీసుకున్నవాడు. నీ మూతిలాంటి ఒంటిరీడు మూతిని, పోనుపోను విచ్చుకునే ఇత్తడి గొట్టానికి తగిలించి, 1846లో పారిస్‌లో శాక్సాఫోన్‌కు పేటెంటు పొందాడు. కాబట్టి నువ్వు మా వాద్యానికి తల్లివైపు పెద్దదానివి. ఆలస్యంగా పలకరించడానికి వచ్చామని కోప్పడకు.

చాలా దేశాల్లో పిల్లలు ముందు నిన్ను పట్టి, తర్వాత శాక్సాఫోన్‌కు వెళతారు. అది వాలు దారి. అటునుంచి ఇటు రావడం ఏటికి ఎదురీదడం. మాకు ఎదురీతే రాసిపెట్టి ఉంది. మంగళూరు ప్రాంతంలో నాగస్వర విద్వాంసుడి కొడుకుగా పుట్టిన కద్రి గోపాల్‌నాథ్, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సాఫోన్ విని మనసు పారేసుకున్నారు. దాని కీలలో మార్పులు చేసుకుని, దానిచేత కర్ణాటక గమకాలు పలికించారు. 2019లో ఆయన కన్నుమూసేనాటికి దక్షిణాది పందిళ్ళలో శాక్సాఫోన్‌కు పీట పడిపోయింది. ఆ వెలుగులో పెరిగినవాళ్ళం, నీ నలుపు వైపు చూడడానికి కొంత కాలం పట్టింది.

నీ అయిదు ముక్కలకూ నమస్కారం. మూతి, బారెలు, పై జాయింటు, కింది జాయింటు, గంట. కార్కుకు కాస్త గ్రీజు పూసి, ఒక్కొక్కటీ మెల్లగా తిప్పుతూ బిగించాలి. రెండు జాయింట్లనూ కలిపే చిన్న కీ ఒకటుంది. తొందరపడితే అది వంగిపోతుంది. నీ దగ్గర తొలి పాఠం నిదానమే.

శాక్సాఫోన్ బరువు మెడ మోస్తుంది. నీ బరువు కుడిచేతి బొటనవేలు ఒక్కటే మోస్తుంది. కాసేపటికి ఆ వేలి కణుపు దగ్గర ఎర్రగా ఒత్తుకుపోతుంది. మిగతా వేళ్ళకు ఇంకో సంగతి తెలుస్తుంది. మాకు అలవాటైనవి ముత్యపు చిప్పల బొత్తాలు. వాటి కింద మీటలు, మీటల చివర తోలు ప్యాడ్లు. వేలికీ ఊపిరికీ మధ్య అంత యంత్రం ఉంటుంది. నీ మీద ఏడు రంధ్రాలను, ముందు ఆరు, వెనక బొటనవేలికి ఒకటి, వేలి కండతోనే మూయాలి. ఊదగానే వేలి కొసలకు గాలి తగులుతుంది. వెచ్చగా, సన్నగా అదురుతూ తగులుతుంది. ఇన్నేళ్ళూ మేం ఊదిన ఊపిరిని మా చేతులు తాకింది అప్పుడే. తీసి చూసుకుంటే ప్రతి వేలి కొన మీదా గుండ్రటి అచ్చు. ఆ గుండ్రం ఎక్కడో వెంట్రుకవాసి తెగి ఉందంటే చాలు, పందిరి అదిరేలా కీచుమంటావు. పక్కనున్న డోలు విద్వాంసుడు తల తిప్పి చూస్తాడు. ఆ చూపు చాలు, మర్నాడు గంటసేపు కూర్చుని సాధన చేయడానికి.

నీ మొండితనానికి నమస్కారం. శాక్సాఫోన్ పెదవిని మన్నిస్తుంది, నువ్వు మన్నించవు. గడ్డం చదునుగా ఉండాలి. కింది పెదవి పళ్ళ మీదికి పల్చగా మడతపడాలి. నోటి మూలలు బిగిసి, మధ్యలో రీడు మాత్రం హాయిగా అదరాలి. పాత అలవాటున మూతి వదులు చేస్తే శ్రుతి దిగజారుతుంది. భయపడి కొరికితే రీడు మూసుకుపోయి పలుకే రాదు. ఉత్సాహంగా గట్టిగా ఊదామా, శ్రుతి ఇంకా కిందికే పోతుంది. పెళ్ళిళ్ళలో మైకును మించి ఊదడం నేర్చినవాళ్ళకు ఇది పెద్ద శిక్ష. పెద్ద చదువు కూడా.

ఇక నీలోని అసలు వింతకు సాష్టాంగ నమస్కారం. శాక్సాఫోన్ మీద బొటనవేలి మీట నొక్కితే మంద్రంలోని షడ్జం పై షడ్జమవుతుంది. వేళ్ళు అవే, స్వరం అదే, స్థాయి మారుతుంది. నీ వెనక కూడా అలాంటి మీటే ఉంది. నొక్కితే మాత్రం షడ్జం ఒక స్థాయి దాటి పై పంచమమవుతుంది. వేళ్ళు అవే ఉంటాయి, స్వరం వేరవుతుంది. ఎంతటి శాక్సాఫోన్ విద్వాంసుడికైనా ఇక్కడ కాళ్ళ కింద నేల కదులుతుంది.

కారణం నీ ఒంట్లోనే ఉంది. మా గొట్టం మూతి దగ్గర సన్నగా మొదలై చివరిదాకా విచ్చుకుంటూ పోతుంది. అలాంటి గొట్టంలో గాలి ఒకటి, రెండు, మూడు, నాలుగు, అన్ని రెట్లలోనూ అదురుతుంది. నువ్వు గంట దగ్గరికి వచ్చేదాకా దాదాపు ఒకే లావున ఉంటావు. ఒక కొస రీడుతో మూతపడిన అలాంటి గొట్టంలో ఒకటి, మూడు, అయిదు, అంటే బేసి రెట్లే బలంగా పలుకుతాయి. రెండో రెట్టు పై షడ్జం. మూడో రెట్టు దాని మీది పంచమం. రెండో మెట్టు నీకు లేదు, ఒక్క అంగలో మూడో మెట్టెక్కుతావు. పాశ్చాత్య ఫ్లూటూ నువ్వూ పొడవులో ఇంచుమించు సమానం, రెండడుగులకు కాస్త పైన. అయినా ఫ్లూటు కంటే నువ్వు దాదాపు ఒక స్థాయి లోతుకు దిగుతావు. అంత చిన్న ఒంట్లో అంత మంద్రం దాచుకున్నదానివి నువ్వు.

ఈ వింత చేతికి ఎలా అందుతుందో చెబుతాం. ఎడమచేతి మొదటి మూడు వేళ్ళూ మూసి శాక్సాఫోన్ ఊదితే మాకు పంచమం. అవే వేళ్ళు నీ మీద మూసి, వెనక రంధ్రమూ మూసి ఊదితే షడ్జం. పైమీటను బొటనవేలి కొసతో తాకితే మళ్ళీ పంచమం. అంటే నీ పై అంతస్తు మాకు తెలిసిన ఇల్లే. వేళ్ళు వాటంతటవే నడుస్తాయి. కింది అంతస్తు మాత్రం కొత్త. అక్కడ మా వేళ్ళు ఒకటి వేస్తే నువ్వు ఇంకొకటి పలుకుతావు. నేర్చుకోవలసిందంతా అక్కడే ఉంది, నీ అందమంతా కూడా అక్కడే ఉంది.

రెండు అంతస్తుల మధ్య గడపకు నమస్కారం. అది దాటలేకే చాలామంది నిన్ను మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి దాన్ని చెప్పడానికి లాకు ఒక్కటి చాలు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలవల మీద పడవలు నడిచాయి. నీటిమట్టం మారేచోట లాకు కట్టారు. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూస్తారు. ముందు తలుపు మూసే ఉంటుంది. అన్నివైపులా మూసుకున్న ఆ తొట్టిలో నీళ్ళు నిండి, మట్టం సమానమయ్యాక తలుపు తీస్తారు. పడవ పైకాలవలోకి కుదుపు లేకుండా జారుతుంది.

ఇప్పుడు మాయామాళవగౌళ ఎత్తుకుందాం. సంగీతం నేర్చే ప్రతి పిల్లవాడూ ముందు పాడే రాగం అది. ఎడమచేతి మూడు వేళ్ళ మీద షడ్జం. చిటికెనవేలి కీతో శుద్ధ రిషభం. గాంధారానికి రెండు వేళ్ళు లేస్తాయి. మధ్యమానికి వెనక బొటనవేలు ఒక్కటే మిగులుతుంది. పంచమానికి అదీ లేస్తుంది. రంధ్రాలన్నీ తెరుచుకుని, వాద్యం కుడిచేతి బొటనవేలి ఆసరా మీద, పెదవి మీద నిలిచి ఉంటుంది. చూపుడువేలి పక్కతో ఒక కీని తాకితే ధైవతం. ఇక నిషాదం కావాలి. అది పై అంతస్తులో ఉంది. రెప్పపాటులో వేళ్ళన్నీ దిగాలి, ఏడు రంధ్రాలూ మూసుకోవాలి, చిటికెనవేలు అడుగు కీని పట్టాలి, బొటనవేలు పైమీటను తాకాలి. ఊపిరి మాత్రం తెగకూడదు. ఒక్క వేలు ఆలస్యమైతే కీచు. అన్నీ ఒక్కసారిగా దిగితే ధైవతం నుంచి నిషాదానికి పడవ జారినట్టే ఉంటుంది, వినేవాడికి గడప ఉన్నట్టే తెలియదు. సరళీ వరసల్లో తొలి వరసే ఇంత పని పెడుతుంది. పంచరత్న కృతులు వాయించినవాడు కూడా ఇక్కడికి వచ్చి తొలి వరస దగ్గర తలవంచాలి.

నీ శ్రుతికి నమస్కారం. మేం వాయించే ఆల్టో శాక్సాఫోన్ మీద మా మామూలు షడ్జం రెండున్నర శ్రుతిలో పలుకుతుంది. నీ మీద అదే షడ్జం ఆరున్నర. టెనార్ వాయించేవాడికి ఈ తంటా లేదు, అతని శ్రుతీ నీ శ్రుతీ ఒకటే. ఆల్టో వాడు మాత్రం మేళంలో రెండున్నరకే నిన్ను వాయించాలంటే షడ్జాన్ని మధ్యమం ఉన్నచోటికి, బొటనవేలి రంధ్రం ఒక్కటే మూసే చోటికి జరుపుకోవాలి. రాగం తెలిసీ వేళ్ళు తెలియని ఆ స్థితిలో మనిషి గొంతెత్తి పాడుకుంటూ వెతుక్కుంటాడు. పాడనిదే వాయించలేని స్థితికి మమ్మల్ని మళ్ళీ తెచ్చావు. మా గురువులు మొదట్నించీ చెప్పింది ఇదే, వినడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆషాఢానికి నమస్కారం. ఆ నెల ముహూర్తాలు లేవు. కాలవలకు నీళ్ళు వదులుతారు, ఊరంతా నారుమళ్ళ మీద ఉంటుంది, మేళగాళ్ళకు చేతినిండా తీరిక. నీతో కూర్చోవడానికి ఇంతకు మించిన మాసం లేదు. పొద్దున్నే ముందు నిన్ను, తర్వాత శాక్సాఫోన్‌ను తీయాలి. అలసిన పెదవితో నీ దగ్గరికి రాకూడదు. మంద్రంలో ఒక్కో స్వరాన్నీ ఊపిరి అయిపోయేదాకా నిలపాలి. వాన చప్పుడుకు శ్రుతిపెట్టె వినిపించకపోతే ఇంకాస్త దగ్గరికి జరుపుకోవాలి, గట్టిగా ఊదకూడదు.

ఈ ఉప్పుగాలి నీకు పడదని కూడా తెలుసుకున్నాం. మేలిరకం క్లారినెట్లకు టాంజానియా, మొజాంబిక్ అడవుల నల్లకర్ర వాడతారు. వేడి, తేమ ఒక్కసారిగా మారితే ఆ కర్ర బీటలు తీస్తుంది. ఎబొనైటు ఒళ్ళయితే పగలదు. కానీ ఎండలో వదిలేస్తే నలుపు పోయి పసరు కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. బ్యాండుమేళాల్లో అలా రంగు తిరిగిన క్లారినెట్టు కనిపిస్తే, అది ఎన్ని ఊరేగింపులు నడిచిందో అడగనక్కర్లేదు. దేశంలోని బ్యాండ్లకు వాద్యాలు పంపే మీరట్ జాలీకోఠీలో పుట్టి, ఇక్కడి ఎండలో రంగు మారి, ఇక్కడి వానల్లో ప్యాడ్లు ఉబ్బి, అయినా పాట ఆపని నీ అక్కచెల్లెళ్ళందరికీ నమస్కారం. వాయించాక గుడ్డకు దారం కట్టి గొట్టంలోంచి లాగి తడి తీయడం, రీడును విప్పి ఆరబెట్టడం నీకు చేసే నిత్యపూజ.

నిన్ను పరాయిదానివి అనేవాళ్ళకు మొవ్వ వైపు చూపిస్తాం. ఇటు బందరు, అటు గుడివాడ, కిందికి దివిసీమ. వీటి మధ్యన ఉంది మొవ్వ. అక్కడి వేణుగోపాలుడి మీద మనసు పెట్టి క్షేత్రయ్య పదాలు కట్టాడు. ఆ పదాలు తంజావూరు చేరి అక్కడి నాట్యమేళాల్లో అభినయానికి ప్రాణమయ్యాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ మేళాల్లోకే మహాదేవ నట్టువనార్ నిన్ను తెచ్చారు. అంతవరకూ ముఖవీణ పలికినచోట నువ్వు పలికావు. ఇరవయ్యో శతాబ్దంలో క్షేత్రయ్య పదాల అభినయానికి పేరుపడ్డ బాలసరస్వతి బృందంలోనూ క్లారినెట్టు ఉండేది. పదం మొవ్వ నుంచి బయల్దేరింది, నువ్వు న్యూరెంబర్గు నుంచి బయల్దేరావు, ఇద్దరూ కావేరి ఒడ్డున కలుసుకున్నారు. ఆ లెక్కన నువ్వు మా ఊరి పాటను మోసినదానివి.

తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్ నిన్ను కచేరీ వేదిక నడిబొడ్డున కూర్చోబెట్టారు. నాగస్వర చక్రవర్తి రాజరత్నం పిళ్ళై ఆయన్ను క్లారినెట్ ఎవరెస్ట్ అన్నారు. 2008లో సంగీత కళానిధి, 2022లో పద్మశ్రీ. నీ రంధ్రాల మీద వేలు కొంచెం కొంచెంగా జరుపుతూ ఆయన తీసిన జారుగమకం వింటే, బొత్తాల వాద్యం పట్టిన ఏ చేతికైనా కాస్త ఈర్ష్య పుడుతుంది.

రెండో వాద్యం పట్టడం మా గడ్డకు కొత్త కాదు. దివిసీమ పెదకళ్ళేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి త్యాగరాజు శిష్యపరంపరను నిలబెట్టారు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. అంతటి గాయకుడు వయోలా వాయించారు, మృదంగం వాయించారు, కంజీర కూడా పట్టారు. ఒంగోలు దగ్గర కరవదిలో నాగస్వరం ఇంట పుట్టిన షేక్ చినమౌలానా, విద్వాంసుడన్న పేరు వచ్చాక కూడా తంజావూరు బాణీ కోసం మళ్ళీ శిష్యుడిగా కూర్చున్నారు. వచ్చినదాన్ని పక్కనబెట్టి రానిదాని ముందు కూర్చోవడం పెద్దవాళ్ళకు మర్యాదతక్కువ కాలేదు. మాకెందుకు కావాలి?

నువ్వు ఇచ్చేదానికి నమస్కారం. నీ దగ్గర కొన్నాళ్ళు కూర్చుని వెళ్ళినవాడి శాక్సాఫోన్ మారిపోతుంది. బొత్తాల మీద వేళ్ళు ఎగిరెగిరి పడవు, దగ్గరగా ఉండి దిగుతాయి. పెదవికి నిలకడ వస్తుంది. చెవి శ్రుతిని వదలదు. అన్నిటికంటే ముఖ్యంగా, మెల్లగా వాయించడం వస్తుంది. స్వరాన్ని నిశ్శబ్దంలోంచి ఎత్తి మళ్ళీ నిశ్శబ్దంలోకి దించగల వాద్యాలు ఎన్నో లేవు, నువ్వు వాటిలో ముందుంటావు. తలంబ్రాల వేళకు శాక్సాఫోన్ ఉండాలి, గట్టిమేళానికి సన్నాయి ఉండాలి. అప్పగింతల వేళ, పాలగిన్నెలో చేతులు ముంచి ఇంటిపిల్లను ఒప్పజెబుతున్నప్పుడు, మంద్రంలో నువ్వుండాలి. అంత మెల్లగా, అంత దగ్గరగా, కన్నవాళ్ళ మాటను మింగేయకుండా దాని కిందుగా నడిచే పలుకు నీది.

క్లారినెట్టా, నీ కీచుకూ నీ తీపికీ, నీ మూడో మెట్టుకూ, నీ నడిగడపకూ, వేలికి తగిలే నీ వెచ్చటి గాలికీ వందనం.

శాక్సాఫోన్ సోదరులకు ఒక మాట. బందరులోనో గుడివాడలోనో దివిసీమలోనో, పెద్దవాళ్ళు వాయించి అటక మీద పెట్టిన నల్లపెట్టె మీ ఇంట్లో ఉంటే దించండి. కార్కులు, ప్యాడ్లు మార్పించి, మెత్తటి రీడు వేసి, ఈ ఆషాఢంలో మంద్ర షడ్జం దగ్గర మొదలుపెట్టండి. పెళ్ళివారికి ఇంకో మాట. మేళం మాట్లాడేటప్పుడు రేటు ఒక్కటే అడక్కండి, క్లారినెట్టు ఉందా అని కూడా అడగండి. మీరు అడిగిన వాద్యమే మేళంలో బతుకుతుంది.